రిజిస్టర్డ్ నర్సు

రిజిస్టర్డ్ నర్సు అనగా గుర్తింపు పొందిన విద్యాసంస్థలో నర్సింగ్ విద్య పూర్తిచేసి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టరులో తన పేరు నమోదు చేయించుకున్న వ్యక్తి. ఆసుపత్రిలో రోగులకు సేవచేసే వారందరినీ వాడుకలో నర్సులనే పిలుస్తారు. అయితే వారిలో నమోదు లేని సహాయకులు కూడా ఉంటారు. ప్రభుత్వ ఉద్యోగానికిగాని, పై చదువులకుగాని, విదేశాలలో పని చేయడానికిగాని నమోదు తప్పనిసరి. కనుక ఈ వృత్తిలోకి రాదలచినవారు తాము చేరబోయే కోర్సు చివర నమోదు లభిస్తుందా లేదా అన్న విషయమును అన్నిటికంటే ముందుగా చూసుకోవలసి ఉంటుంది.

ఈ వ్యాసంలో భారతదేశంలో, ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో రిజిస్టర్డ్ నర్సు కావడానికి గల చదువులు, కళాశాల ఎంపిక, నమోదు విధానం, ఉద్యోగాలు, వేతనాలు, విదేశీ అవకాశాల గురించిన వివరాలు ఉన్నాయి.

పేర్లు

నర్సుకు తెలుగులో దాది అనే పాత పదం ఉన్నది. పల్లెలలో ఇంటింటికీ తిరిగి టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్తను నర్సమ్మ అంటారు. ఆసుపత్రులలో నర్సును సిస్టర్ అని పిలిచే అలవాటు క్రైస్తవ సన్యాసినులు రోగుల సేవ చేసిన కాలం నుండి వచ్చింది. పురుష నర్సును బ్రదర్ అని పిలుస్తారు. జీఎన్ఎం గాని, బీఎస్సీ నర్సింగ్ గాని పూర్తిచేసినవారు నర్సుగాను, మంత్రసానిగాను కూడా నమోదు పొందుతారు. అందువలన వారి పేరు చివర ఆర్.ఎన్., ఆర్.ఎమ్. అనే అక్షరాలు చేరుతాయి. కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రులలో స్టాఫ్ నర్సు అనే హోదాను 2016లో నర్సింగ్ ఆఫీసర్‌గా మార్చారు. తరువాత పలు రాష్ట్రాలు ఇదే పేరును స్వీకరించాయి.

చరిత్ర

ఆధునిక నర్సింగ్ విద్యకు ఫ్లోరెన్స్ నైటింగేల్ (1820 - 1910) ఆద్యురాలు. 1854లో క్రిమియా యుద్ధంలో క్షతగాత్రులకు సేవ చేసిన ఆమె, 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ పాఠశాలను నెలకొల్పింది. ఆమె జన్మదినమైన మే 12ను అంతర్జాతీయ నర్సుల దినోత్సవంగా జరుపుకుంటారు.

భారతదేశంలో 1871లో మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ ప్రారంభమైంది. తెలుగు ప్రాంతాలలో తొలినాటి నర్సుల శిక్షణ చాలావరకు మిషనరీ ఆసుపత్రుల ద్వారా సాగింది. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ వైద్యురాలు అన్నా సారా కుగ్లర్, 1898లో అక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రిని ప్రారంభించింది. అది నేటికీ కుగ్లర్ ఆసుపత్రిగా ప్రసిద్ధం. చిత్తూరు జిల్లాకు ఆనుకొని ఉన్న వెల్లూరులో ఇడా స్కడ్డర్ 1909లో నర్సింగ్ పాఠశాలను నెలకొల్పింది. స్త్రీలు ఇల్లు విడిచి పనిచేయడాన్నే తప్పుగా చూసే ఆ రోజులలో, రోగుల మలమూత్రాలను ఎత్తే పని కూడా కావడంతో, ఈ చదువుకు ముందుకు వచ్చినవారు స్వల్పం. వారిలో అధికులు క్రైస్తవ కుటుంబాల యువతులు, వితంతువులు.

1908లో భారత శిక్షిత నర్సుల సంఘం ఏర్పడింది. 1926లో మద్రాసు రాష్ట్రంలో నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చింది. నాటి మద్రాసు రాష్ట్రంలో భాగమైన కోస్తా, రాయలసీమ జిల్లాలకు కూడా ఈ చట్టం వర్తించింది. దేశ ఆరోగ్య స్థితిని పరిశీలించిన భోర్ కమిటీ 1946లో సమర్పించిన నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద ఉన్న నర్సులు సుమారు 7,000 మంది. అనగా 43,000 మంది జనాభాకు ఒక నర్సు. అదే 1946లో ఢిల్లీలోను, వెల్లూరులోను నర్సింగ్ డిగ్రీ కోర్సులు మొదలయ్యాయి. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చి, దేశమంతటికీ ఒకే తీరు నర్సింగ్ విద్యకు పునాది పడింది. ఈ చట్టం స్థానంలో కొత్త వ్యవస్థను ఏర్పరచేందుకు పార్లమెంటు 2023లో జాతీయ నర్సింగ్, మంత్రసాని కమిషన్ చట్టమును ఆమోదించింది.

2022 డిసెంబరు నాటికి దేశంలో నమోదైన నర్సింగ్ సిబ్బంది సంఖ్య 33.41 లక్షలు. వృత్తి వదిలినవారు, విదేశాలకు వెళ్ళినవారు కూడా ఈ లెక్కలో ఉంటారు కనుక వాస్తవంగా విధులలో ఉన్నవారి సంఖ్య ఇంతకంటె తక్కువ.

నర్సింగ్ కోర్సులు

నర్సింగ్ వృత్తిలోకి మూడు ద్వారాలు కలవు. మూడింటికీ కనీస వయస్సు 17 సంవత్సరాలు.

ఏఎన్ఎం: సహాయక నర్సు, మంత్రసాని కోర్సు. కాలపరిమితి 2 సంవత్సరాలు. ఇంటర్మీడియట్ ఏ గ్రూపుతో చదివినవారైనా అర్హులే. ఇది స్త్రీలకు మాత్రమే పరిమితం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ఉపకేంద్రాలలో గర్భిణుల నమోదు, టీకాలు, కుటుంబ సంక్షేమం వంటి పనులు వీరి బాధ్యత. ఇంటర్మీడియట్ వృత్తివిద్యలో గల బహుళార్థక ఆరోగ్య కార్యకర్త కోర్సు కూడా దాదాపు ఈ పనులకు ఉద్దేశించినదే. ఏఎన్ఎంలకు కౌన్సిల్‌లో వేరుగా నమోదు ఉంటుంది. వారు రిజిస్టర్డ్ నర్సు కోవలోకి రారు.

జీఎన్ఎం: జనరల్ నర్సింగ్, మంత్రసాని డిప్లొమా. ఇది పూర్వం మూడున్నర సంవత్సరాలుగా ఉండేది. 2015లో సవరించిన పాఠ్యప్రణాళికలో 6 నెలల ఇంటర్న్‌షిప్‌తో కలిపి 3 సంవత్సరాలకు తగ్గించారు. ఇంటర్మీడియట్ 40 శాతం మార్కులతో ఉత్తీర్ణులైనవారు అర్హులు. సైన్సు చదివినవారికి ప్రాధాన్యం ఉన్నా ఇతర గ్రూపులవారు కూడా చేరవచ్చును. ఈ కోర్సును ఎత్తివేయాలన్న ప్రతిపాదన ఒకటి రెండు సార్లు వచ్చినా కోర్సు కొనసాగుతున్నది.

బీఎస్సీ నర్సింగ్: 4 సంవత్సరాల డిగ్రీ. ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివి 45 శాతం మార్కులు పొందినవారు అర్హులు. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి మార్కులలో సడలింపు ఉంటుంది. 2021లో నోటిఫై అయిన నిబంధనలతో ఈ కోర్సు 8 సెమిస్టర్ల పద్ధతిలోకి మారింది. చివరి సెమిస్టరు ఇంటర్న్‌షిప్. ఆంధ్రప్రదేశ్‌లోని కళాశాలలు విజయవాడలోని డా. ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయానికి, తెలంగాణలోనివి వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉంటాయి. హైదరాబాదులోని నిమ్స్, తిరుపతిలోని స్విమ్స్ వంటి సంస్థలకు తమ స్వంత నర్సింగ్ కళాశాలలు కలవు.

పై చదువులు

జీఎన్ఎం చదివి నమోదు పొందినవారు 2 సంవత్సరాల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ద్వారా డిగ్రీ పొందవచ్చును. ఎంఎస్సీ నర్సింగ్ 2 సంవత్సరాలు. దీనికి డిగ్రీలో 55 శాతం మార్కులు, ఒక సంవత్సరం పని అనుభవం కావలెను. ఎంఎస్సీలో 5 విభాగాలు ఉన్నాయి. అవి వైద్య-శస్త్రచికిత్స నర్సింగ్, ప్రసూతి-స్త్రీల వ్యాధుల నర్సింగ్, శిశు ఆరోగ్య నర్సింగ్, మానసిక ఆరోగ్య నర్సింగ్, సామాజిక ఆరోగ్య నర్సింగ్. బోధన వైపు వెళ్ళదలచినవారికి ఎంఎస్సీ, ఆపై పీహెచ్‌డీ ఉపయోగపడతాయి. రోగి పడక వద్దనే ఉండి నైపుణ్యం పెంచుకోదలచినవారికి అత్యవసర చికిత్స, ఆపరేషన్ థియేటర్, నవజాత శిశు సంరక్షణ, క్యాన్సర్ సంరక్షణ వంటి వాటిలో పోస్ట్ బేసిక్ డిప్లొమాలు ఉన్నాయి. ఐసీయూ సంరక్షణకు సంబంధించిన 2 సంవత్సరాల నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు 2016లో రూపొందింది.

ప్రసవాల విషయంలో తెలంగాణకు ప్రత్యేక స్థానం కలదు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం యునిసెఫ్, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ సంస్థల సహకారంతో నర్సులకు 18 నెలల మంత్రసాని శిక్షణ ప్రారంభించింది. అనవసరమైన సిజేరియన్ ఆపరేషన్లను తగ్గించి, సహజ ప్రసవాలను ప్రోత్సహించడం దీని ఉద్దేశ్యం. 2018లో కేంద్ర ప్రభుత్వం మంత్రసాని సేవలకు జాతీయ మార్గదర్శకాలను విడుదల చేసింది.

కోర్సు ఎంపిక

జీఎన్ఎం, బీఎస్సీ - ఈ రెండింటిలో ఏది చదివినా రిజిస్టర్డ్ నర్సే అవుతారు. వార్డులో చేసే పనిలో కూడా ఆరంభంలో పెద్ద తేడా ఉండదు. తేడా తరువాత తెలుస్తుంది. కేంద్ర ప్రభుత్వ నియామకాలలో బీఎస్సీ చదివినవారు నేరుగా అర్హులు కాగా, జీఎన్ఎం వారికి 50 పడకల ఆసుపత్రిలో 2 సంవత్సరాల అనుభవం అడుగుతారు. బోధనకు, ఎంఎస్సీకి డిగ్రీయే ఆధారం. జీఎన్ఎం చదివి తరువాత పోస్ట్ బేసిక్ చేసినవారికి మొత్తం 5 సంవత్సరాలు పడుతుంది. నేరుగా బీఎస్సీ చదివితే 4 సంవత్సరాలు చాలును. కనుక ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివి, 4 సంవత్సరాల ఖర్చు భరించగలిగినవారికి బీఎస్సీ మేలు. ఆర్ట్స్ గ్రూపు చదివినవారికి, త్వరగా సంపాదన అవసరమైన కుటుంబాలవారికి జీఎన్ఎం అనుకూలం.

ఆరు నెలలలో, ఏడాదిలో నర్సింగ్ నేర్పుతామని ప్రకటించే శిక్షణ సంస్థలు పట్టణాలలో ఎక్కువగా కనబడతాయి. వీటి ధృవపత్రాలతో చిన్న నర్సింగ్ హోములలో సహాయకులుగా పని దొరకవచ్చును గాని, కౌన్సిల్‌లో నమోదు లభించదు. దూరవిద్య ద్వారా చదివే ప్రాథమిక నర్సింగ్ కోర్సులకు కూడా గుర్తింపు లేదు. ఇటువంటి కోర్సులో చేరినవారు పది సంవత్సరాలు పనిచేసినా నర్సుగా పదోన్నతి పొందలేరు. నమోదు కావాలంటే మొదటి సంవత్సరం నుండి మళ్ళీ చదవవలసినదే.

కళాశాల ఎంపిక

రెండు రాష్ట్రాలలోను ప్రైవేటు నర్సింగ్ కళాశాలలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వాటి బోధనా ప్రమాణాలలో హెచ్చుతగ్గులు కూడా ఎక్కువే. చేరడానికి ముందు పరిశీలించదగిన విషయాలు ఇవి:

- కళాశాలకు రాష్ట్ర ప్రభుత్వ అనుమతి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, డిగ్రీ అయితే విశ్వవిద్యాలయ అనుబంధం ఉండాలి. కొన్ని అనుమతులను ఏటేటా పునరుద్ధరించవలసి ఉంటుంది. కనుక గత సంవత్సరపు పత్రం కాక, చేరే సంవత్సరపు పత్రమును చూడవలెను. ఆయా విద్యాసంవత్సరాల జాబితాలు కౌన్సిల్, విశ్వవిద్యాలయ వెబ్‌సైట్లలో ఉంటాయి.
- కళాశాలకు అనుబంధ ఆసుపత్రి ఎక్కడ ఉన్నది, ఎన్ని పడకలు, వాటిలో రోగులు ఉంటున్నారా అనేది ముఖ్యం. కళాశాలకు కనీసం 100 పడకల మాతృ ఆసుపత్రి ఉండాలని, విద్యార్థికి ముగ్గురు రోగుల చొప్పున ఉండాలని నిబంధన.
- ప్రసూతి, శిశు, మానసిక వ్యాధుల విభాగాలలో శిక్షణ ఎక్కడ ఇస్తారో తెలుసుకోవాలి.
- బోధకులు పూర్తికాలం పనిచేస్తున్నారా, గత సంవత్సరాల ఉత్తీర్ణత ఎలా ఉన్నది అన్న విషయాలను సీనియర్ విద్యార్థులను అడిగి తెలుసుకోవచ్చును.
- బోధన రుసుమే కాక హాస్టలు, యూనిఫారము, పరీక్ష, రవాణా రుసుములు కలిపి 4 సంవత్సరాలకు ఎంత అవుతుందో వ్రాతపూర్వకంగా తీసుకోవాలి.

వీటిలో రెండవ అంశమును తల్లిదండ్రులు తరచుగా ఉపేక్షిస్తారు. భవనం, హాస్టలు, బస్సు కంటికి కనబడతాయి. ఖాళీ పడకలు కనబడవు. రోగులు లేని ఆసుపత్రిలో చదివిన విద్యార్థి పరీక్ష ఉత్తీర్ణత సాధించినా, మొదటి ఉద్యోగంలో సెలైన్ సూది పెట్టడానికి కూడా తడబడవలసి వస్తుంది. ప్రభుత్వ బోధనాసుపత్రులకు అనుబంధమైన కళాశాలలలో వసతులు కొంత తక్కువైనా, రోగుల సంఖ్య, వ్యాధుల వైవిధ్యం ఎక్కువగా ఉండడం వలన అనుభవం బాగా లభిస్తుంది. రుసుము కూడా తక్కువ.

ఏజెంట్ల ద్వారా పొరుగు రాష్ట్రాల కళాశాలలలో చేరే విద్యార్థులు అక్కడి నర్సింగ్ కౌన్సిల్, విశ్వవిద్యాలయ జాబితాలలో కళాశాల పేరును సరిచూసుకోవాలి. చదివిన రాష్ట్రంలో ముందుగా నమోదు పొంది, తరువాత స్వరాష్ట్రానికి మార్చుకోవలసి ఉంటుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ప్రవేశ పరీక్ష, కౌన్సెలింగు, రిజర్వేషను నిబంధనలు సంవత్సరమునకు ఒకసారి మారే అవకాశం ఉన్నందున ఆయా విశ్వవిద్యాలయాల ప్రకటనలను అనుసరించాలి.

చదువు స్వరూపం

మొదటి సంవత్సరంలో శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం, పోషకాహారం, మనస్తత్వ శాస్త్రం, నర్సింగ్ మూలసూత్రాలు బోధిస్తారు. పడక సర్దడం, రోగికి స్నానం చేయించడం, ఉష్ణోగ్రత, నాడి, రక్తపోటు చూసి నమోదు చేయడం వంటివి ప్రయోగశాలలో బొమ్మలపై నేర్చుకొని తరువాత వార్డుకు వెళ్తారు. తరువాతి సంవత్సరాలలో వైద్య, శస్త్రచికిత్స, శిశు, మానసిక, ప్రసూతి, సామాజిక ఆరోగ్య విభాగాలలో విధులు ఉంటాయి. తరగతి గదిలో కంటె ఆసుపత్రిలో గడిపే గంటలే ఎక్కువ. విద్యార్థి తాను చేసిన ప్రతి పనిని పుస్తకంలో వ్రాసి పర్యవేక్షకుల సంతకం తీసుకోవాలి. విదేశాలకు దరఖాస్తు చేసేటప్పుడు ప్రతి విభాగంలో ఎన్ని గంటలు శిక్షణ పొందినదీ అడుగుతారు కనుక ఈ రికార్డులు, ట్రాన్స్‌క్రిప్టులు ముఖ్యమైనవి.

తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థులకు మొదటి సంవత్సరం కష్టమైనది. పాఠ్యపుస్తకాలు, పరీక్షలు, రోగి చార్టులు అన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. రోగితో మాట్లాడేది మాత్రం తెలుగులో, లేదా ఉర్దూలో. కనుక రెండు భాషలూ అవసరమే. వైద్య పదాలలో అధికభాగం కొన్ని ఉపసర్గలు, ప్రత్యయాలు కలిసి ఏర్పడినవి. వాటిని విడదీసి నేర్చుకున్నవారు ఆరు నెలలలో ఈ అవరోధమును దాటగలరు. ఇంగ్లీషు మీద తొలి సంవత్సరంలో పెట్టిన శ్రమ విదేశీ భాషా పరీక్షల సమయంలోనూ అక్కరకు వస్తుంది.

రోగుల రక్తంతో సంబంధం ఉన్న వృత్తి కనుక విద్యార్థులు క్లినికల్ శిక్షణకు ముందే హెపటైటిస్-బి టీకా 3 మోతాదులు పూర్తి చేసుకోవాలి.

నమోదు

కోర్సు ఉత్తీర్ణులైనవారు చదివిన రాష్ట్రపు నర్సింగ్ కౌన్సిల్‌కు దరఖాస్తు చేసి నమోదు పొందాలి. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వేర్వేరు కౌన్సిళ్ళు ఏర్పడ్డాయి. ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి మారి పనిచేసేవారు మొదటి కౌన్సిల్ నుండి నిరభ్యంతర పత్రం తీసుకొని రెండవ కౌన్సిల్‌లో నమోదు చేయించుకోవాలి. ఆధార్‌తో అనుసంధానమైన జాతీయ నర్సుల నమోదు వ్యవస్థలో ప్రతి నర్సుకు ఒక విశిష్ట గుర్తింపు సంఖ్య ఇస్తారు. నమోదును 5 సంవత్సరాలకు ఒకసారి పునరుద్ధరించుకోవాలి. ఈ కాలంలో 150 గంటల నిరంతర నర్సింగ్ విద్యను పూర్తి చేయాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పోస్ట్ బేసిక్, ఎంఎస్సీ వంటి అదనపు అర్హతలను కూడా రిజిస్టరులో చేర్పించుకోవాలి.

తెలుగువారికి ఈ దశలో తరచు ఎదురయ్యే చిక్కు పేరు. పదవ తరగతి ధృవపత్రంలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరంగా మారి, పాస్‌పోర్టులో చివరకు వస్తుంది. వివాహానంతరం భర్త ఇంటిపేరు చేరితే నాలుగు పత్రాలలో నాలుగు రకాలుగా ఉంటుంది. విదేశీ సంస్థలు ఈ తేడాలను సులభంగా అంగీకరించవు. పదవ తరగతి పత్రంలో ఉన్న పేరునే కళాశాలలోను, కౌన్సిల్‌లోను, పాస్‌పోర్టులోను అక్షరం మారకుండా వ్రాయించుకోవడం వలన తరువాత అఫిడవిట్ల శ్రమ తప్పుతుంది.

ఉద్యోగావకాశాలు

రాష్ట్ర ప్రభుత్వ సర్వీసు: బోధనాసుపత్రులు, జిల్లా ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో నియామకాలు జరుగుతాయి. నర్సుగా చేరినవారు పదోన్నతులతో పై స్థాయిలకు ఎదుగుతారు. నియామకాల మధ్య కాలంలో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతులలో అనేకులు పనిచేస్తుంటారు. తెలంగాణలో 5,204 పోస్టులతో వెలువడి, తరువాత 7,094కు పెరిగిన నోటిఫికేషనుకు 2023 ఆగస్టులో కంప్యూటరు ఆధారిత పరీక్ష జరిగింది. ఇందులో 80 మార్కులు పరీక్షకు, 20 మార్కులు ప్రభుత్వ ఆసుపత్రులలో చేసిన కాంట్రాక్టు సేవకు కేటాయించారు. దీనిని బట్టి కాంట్రాక్టు సేవకు సంబంధించిన ధృవపత్రాలను భద్రపరచుకోవడం ఎంత అవసరమో తెలుస్తుంది.

గ్రామీణ ఆరోగ్యం: 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకం క్రింద ఉపకేంద్రాలను ఆరోగ్య కేంద్రాలుగా మార్చి, నర్సింగ్ చదివినవారిని సామాజిక ఆరోగ్య అధికారులుగా నియమించారు. మధుమేహం, రక్తపోటు పరీక్షలు, మందుల పంపిణీ, టెలిమెడిసిన్ ద్వారా వైద్యునితో రోగిని కలపడం వీరి పని. తెలుగు రాష్ట్రాలలో వీరిని మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు అంటారు.

కేంద్ర సంస్థలు: ఎయిమ్స్ సంస్థలలో నర్సింగ్ ఆఫీసర్ల నియామకానికి 2020 నుండి నార్సెట్ అనే ఉమ్మడి పరీక్ష జరుగుతున్నది. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లకు కూడా దీని ద్వారానే నియామకాలు జరుగుతాయి. ఈ పోస్టులలో 80 శాతం స్త్రీలకు, 20 శాతం పురుషులకు కేటాయించారు. రైల్వే, ఈఎస్ఐ ఆసుపత్రులలోను, సింగరేణి వంటి సంస్థల ఆసుపత్రులలోను నర్సుల ఉద్యోగాలు కలవు.

సైనిక నర్సింగ్ సర్వీసు: 1888లో బొంబాయికి వచ్చిన బ్రిటిషు నర్సులతో భారతదేశంలో సైనిక నర్సింగ్ ఆరంభమైంది. 1926లో ఇది స్థిరమైన సర్వీసుగా రూపొందింది. సైనిక వైద్య సేవల నర్సింగ్ కళాశాలలలో బీఎస్సీకి ఎంపికైన యువతులు చదువు ముగిసిన తరువాత లెఫ్టినెంట్ హోదాతో అధికారులుగా చేరుతారు. ఎంపికలో నీట్ మార్కులను పరిగణనలోకి తీసుకుంటారు.

ప్రైవేటు ఆసుపత్రులు: హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, తిరుపతి వంటి నగరాలలోని పెద్ద ఆసుపత్రులు కొత్తగా చదువు ముగించినవారికి మొదటి ఉద్యోగం ఇచ్చే ప్రధాన సంస్థలు. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, డయాలసిస్, అత్యవసర విభాగాలలో రెండు మూడు సంవత్సరాల అనుభవం తరువాతి ప్రయత్నాలన్నింటికీ ఉపకరిస్తుంది.

వేతనాలు

నర్సింగ్ వృత్తిలో ప్రభుత్వ, ప్రైవేటు వేతనాల మధ్య అంతరం చాలా పెద్దది. ఏడవ వేతన సంఘం ప్రకారం కేంద్ర ప్రభుత్వ నర్సింగ్ ఆఫీసరుకు లెవెల్-7 క్రింద ప్రారంభ మూలవేతనం రూ. 44,900. అదే చదువు చదివి చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో చేరినవారికి ఇందులో సగం కూడా రాకపోవడం సాధారణం.

ఈ విషయమై శిక్షిత నర్సుల సంఘం వేసిన వ్యాజ్యంలో 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కమిటీని నియమించవలసిందిగా కేంద్రమును ఆదేశించింది. ఆ కమిటీ సిఫారసులు ఇవి:

- 200 కంటె ఎక్కువ పడకలు గల ప్రైవేటు ఆసుపత్రిలో రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానమైన వేతనం.
- 100 కంటె ఎక్కువ పడకలు ఉంటే ప్రభుత్వ వేతనం కంటె తగ్గుదల 10 శాతానికి మించరాదు.
- 50 నుండి 100 పడకలు ఉంటే తగ్గుదల 25 శాతానికి మించరాదు.
- 50 లోపు పడకలు ఉన్నచోట కూడా నెలకు రూ. 20,000కు తగ్గరాదు.

వీటిని అమలుచేసే బాధ్యత రాష్ట్రాలకు వదలివేయడం వలన అమలు అంతటా ఒకే తీరుగా జరగలేదు. కొన్ని ఆసుపత్రులు ఉద్యోగంలో చేరేటప్పుడు నర్సుల అసలు ధృవపత్రాలను అట్టిపెట్టుకొని, ఒకటి రెండు సంవత్సరాలు కదలకుండా బాండు వ్రాయించుకునే ఆచారం కూడా ఉండేది. 2011 ప్రాంతంలో దేశంలో పలుచోట్ల జరిగిన నర్సుల సమ్మెలలో ఇది ఒక ప్రధాన కారణం. ఈ పద్ధతులకు వ్యతిరేకంగా ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఆదేశాలు జారీ చేసింది. ఉద్యోగంలో చేరేవారు అసలు పత్రాలను చూపి, నకళ్ళు మాత్రమే ఇవ్వవలెను.

విదేశీ అవకాశాలు

విదేశాలలో నర్సుగా పనిచేయాలంటే స్వదేశంలో నమోదు, సాధారణంగా కొంత పని అనుభవం, ఆ దేశపు అర్హత పరీక్ష, భాషా పరీక్ష అవసరం.

అమెరికా: ఎన్‌క్లెక్స్-ఆర్ఎన్ పరీక్ష ఉత్తీర్ణులు కావాలి. ఇది కంప్యూటరుపై జరుగుతుంది. అభ్యర్థి జవాబులను బట్టి ప్రశ్నల స్థాయి మారుతుంది. 2023లో మారిన విధానంలో కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు, 5 గంటల సమయం ఉంటాయి. హైదరాబాదులో పరీక్షా కేంద్రం ఉన్నది. దీనికి తోడు వీసాస్క్రీన్ ధృవపత్రం కావాలి. పరీక్ష ఉత్తీర్ణులైన తరువాత కూడా వలస వీసా కోసం కొన్ని సంవత్సరాలు వేచి ఉండవలసి రావచ్చును.

బ్రిటన్: అక్కడి నర్సింగ్ కౌన్సిల్ మొదట కంప్యూటరు పరీక్షను, ఆ తరువాత ఆ దేశంలో నైపుణ్య పరీక్షను నిర్వహిస్తుంది. ఐఈఎల్‌టీఎస్‌లో చదవడం, వినడం, మాట్లాడడంలో 7, వ్రాయడంలో 6.5 రావాలి. లేదా వైద్యరంగం వారికి ఉద్దేశించిన ఓఈటీ పరీక్ష వ్రాయవచ్చును. బ్రిటన్ సహాయ నిధులు పొందుతున్న కారణంగా 2000ల దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా 4 భారతీయ రాష్ట్రాల నుండి నర్సులను నియమించుకోరాదని ఆ దేశపు నియమావళిలో ఉండేది. 2022లో ఇరు దేశాల మధ్య ఆరోగ్య సిబ్బంది విషయమై ఒప్పందం కుదిరింది.

గల్ఫ్ దేశాలు: ధృవపత్రాలను డేటాఫ్లో ద్వారా మూలసంస్థలలో సరిచూస్తారు. ఆపై ఆయా దేశాల లైసెన్సు పరీక్ష ఉంటుంది. నర్సుల నియామకాలలో లక్షల రూపాయల మోసాలు బయటపడిన తరువాత, 2015లో కేంద్ర ప్రభుత్వం వలస అనుమతి అవసరమైన 18 దేశాలకు నర్సుల నియామకమును ప్రభుత్వ సంస్థల ద్వారా మాత్రమే జరపాలని నిర్ణయించింది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ఇటువంటి ప్రభుత్వ సంస్థలు. నిబంధనల ప్రకారం నమోదైన ఏ ఏజెంటు అయినా ఒక అభ్యర్థి నుండి తీసుకోదగిన సేవా రుసుము రూ. 30,000, దానిపై జీఎస్టీ మాత్రమే. ఇంతకు మించి అడిగేవారిని అనుమానించవలసి ఉంటుంది.

జర్మనీ, జపాన్: ఈ దేశాలలో వృద్ధుల సంఖ్య పెరగడం వలన నర్సులకు గిరాకీ ఉన్నది. జర్మనీలో పూర్తి గుర్తింపుకు సాధారణంగా జర్మన్ భాషలో బీ2 స్థాయి అవసరం. టామ్‌కామ్ ఈ దేశాల కొరకు భాషా శిక్షణతో కూడిన కార్యక్రమాలను నిర్వహించింది.

పని స్వభావం, ఇబ్బందులు

నర్సులు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి విధులను వంతులవారీగా చేస్తారు. సాధారణ వార్డులో బోధనాసుపత్రి అయితే ముగ్గురు రోగులకు, ఇతర ఆసుపత్రులలో ఐదుగురికి ఒక నర్సు, ఐసీయూలో ఒక రోగికి ఒక నర్సు ఉండాలన్నది ప్రమాణం. ఆచరణలో రద్దీగా ఉండే వార్డులలో ఒక నర్సు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ మందిని చూడవలసి వస్తుంది. నడుము నొప్పి, నిద్రలేమి, సూది గుచ్చుకోవడం వలన సంక్రమించే వ్యాధులు, రోగుల బంధువుల ఆగ్రహం ఈ వృత్తిలోని ప్రధాన ఇబ్బందులు. 2020లో కరోనా వచ్చినప్పుడు నర్సులు నెలల తరబడి కుటుంబాలకు దూరంగా ఉండి పనిచేశారు.

రాత్రి విధుల కారణంగా వివాహ సంబంధాల సమయంలో ఈ వృత్తిని తక్కువగా చూసే ధోరణి తెలుగు సమాజంలో పూర్తిగా పోలేదు. వివాహమైన తరువాత ఉద్యోగం మానినవారు నమోదును పునరుద్ధరించుకోక, పిల్లలు పెద్దవారైన తరువాత తిరిగి చేరడానికి కష్టపడుతుంటారు. విరామ కాలంలో కూడా నమోదును సజీవంగా ఉంచుకోవడం వీరికి మేలు చేస్తుంది.

వృత్తి ప్రణాళిక

నర్సింగ్‌లో ముందుకు వెళ్ళేందుకు స్థూలంగా నాలుగు దారులు ఉన్నాయి. అవి రోగి సంరక్షణలో నైపుణ్యం, ఆసుపత్రి నిర్వహణ, బోధన, ప్రజారోగ్యం. దేనికైనా మొదటి రెండు మూడు సంవత్సరాల వార్డు అనుభవమే పునాది. ప్రణాళికను ఈ విధంగా వేసుకోవచ్చును:

1. ఇంటర్మీడియట్: బైపీసీ తీసుకోవడం వలన మూడు ద్వారాలూ తెరచి ఉంటాయి. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుల పని తీరును ఒకసారి చూసి, రక్తం, రాత్రి మేలుకోవడం తమకు సరిపడతాయా అని ఆలోచించుకోవాలి.
2. ప్రవేశం: ముందు ప్రభుత్వ కళాశాలలకు, తరువాత రోగులున్న ఆసుపత్రి గల ప్రైవేటు కళాశాలలకు ప్రయత్నించాలి. విద్యార్థి వేతన పథకాలకు సకాలంలో దరఖాస్తు చేయాలి.
3. చదువు కాలం: క్లినికల్ రికార్డులను భద్రపరచడం, ఇంగ్లీషు మెరుగుపరచుకోవడం, టీకాలు పూర్తి చేయడం.
4. చదువు ముగియగానే: రాష్ట్ర కౌన్సిల్‌లో నమోదు, పాస్‌పోర్టు, ట్రాన్స్‌క్రిప్టులు.
5. మొదటి 2 - 3 సంవత్సరాలు: పెద్ద ఆసుపత్రిలో ఏదో ఒక ప్రత్యేక విభాగంలో పని. ప్రతి సంస్థ నుండి అనుభవ పత్రం తీసుకోవడం. ఇదే సమయంలో ప్రభుత్వ నియామక పరీక్షలకు తయారుకావడం.
6. ఆ తరువాత: ఎంఎస్సీ, ప్రత్యేక డిప్లొమా, ప్రభుత్వ ఉద్యోగం, విదేశీ ప్రయత్నం - వీటిలో ఒకదానిని ఎంచుకోవడం.

అప్పుచేసి విదేశాలకు వెళ్ళే ఆలోచనతోనే కోర్సులో చేరడం అంత మంచిది కాదు. వీసా విధానాలు, భాషా పరీక్షల ప్రమాణాలు తరచు మారుతుంటాయి. ఆరంభంలో ప్రైవేటు ఆసుపత్రిలో వచ్చే జీతంతో పెద్ద విద్యా రుణం తీర్చడం కష్టసాధ్యం. రుసుము తక్కువగా ఉండి, శిక్షణ బాగున్న కళాశాలలో చదివి నమోదు పొందిన నర్సుకు విదేశం కుదరకపోయినా స్వస్థలంలో ఉపాధి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

- ఫ్లోరెన్స్ నైటింగేల్
- అంతర్జాతీయ నర్సుల దినోత్సవం
- మంత్రసాని
- ప్రాథమిక ఆరోగ్య కేంద్రం
- డా. ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం
- కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం